నంబరు వేసేవాళ్లు పూచీ కూడా పడాలి

(చెన్నైలో తెలుగువాళ్ల నాణేల సేకరణ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. తాంబరం, అంబత్తూరు నుంచే కాదు, నెల్లూరు, తిరుపతి నుంచి కూడా పొద్దున్నే రైలెక్కి వచ్చినవాళ్లు కనిపిస్తున్నారు. నాణేల గురించి తెలుగులో మాట్లాడుకోవడానికి ఇంతమంది కూడడం నిజంగా సంతోషం.

విషయం మీకు తెలిసిందే. మన మిత్రులు కొందరు ఇక్కడే చెన్నైలో నాణేల గ్రేడింగ్ సర్వీసు పెట్టాలనుకుంటున్నారు. ముందు వరుసలోనే కూర్చున్నారు. సేకరించేవాళ్లు తమ నుంచి ఏం ఆశిస్తున్నారో చెప్పమని నన్ను అడిగారు. పని మొదలుపెట్టకముందే అడిగినందుకు వాళ్లకు నా ధన్యవాదాలు.

కుటుంబాలతో వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. నాణెం తీసుకెళ్లి ఇస్తే అది అసలుదా నకిలీదా చూస్తారు. ఎంత అరిగిందో, మెరుపు ఎంత మిగిలిందో, గీతలు, దెబ్బలు ఏమున్నాయో చూస్తారు. 1 నుంచి 70 దాకా ఒక నంబరు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు చేసి ఇస్తారు. ఆ డబ్బీనే స్లాబ్ అంటాం. సేవ అంటే ఇంతే. కానీ ఒక నంబరు పెరిగితే ధర రెట్టింపు అయ్యే నాణేలున్నాయి. అందుకే ఆ నంబరు ఎవరు వేస్తున్నారు, తప్పయితే నష్టం ఎవరిది అన్నది మనకు ముఖ్యం. నేనివాళ చెప్పేదంతా ఈ రెండో ప్రశ్న గురించే.

ముందు ఈ 70 లెక్క ఎక్కడిదో చూద్దాం. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ తమ దేశపు పాత రాగి సెంట్ల కోసం దీన్ని తయారుచేశాడు. అప్పట్లో అది ధరల లెక్క. బాగా అరిగిపోయిన సెంటు ధర ఒకటనుకుంటే, అచ్చులోంచి అప్పుడే బయటపడ్డట్టున్న సెంటు దానికి డెబ్బై రెట్లు. ఆ ధరలు కొన్నేళ్లకే మారిపోయాయి, నంబర్లు మాత్రం నిలిచిపోయాయి. 63కీ 64కీ తేడాను కొలిచి చూపించే సాధనం ఇవాళ్టికీ లేదు. వేల నాణేలు చూసి అలవాటుపడిన కళ్లు చెప్పే అభిప్రాయం అది. అభిప్రాయం కాబట్టి తప్పులు జరుగుతాయి. జరుగుతాయని ముందే ఒప్పుకుని ఏర్పాటు చేసుకున్న సర్వీసునే మనం నమ్మగలం.

షెల్డన్ గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన చనిపోయాక బయటపడింది. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి మంచి సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో తక్కువ రకం పెట్టాడు. ఆ వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. ఈ రంగంలో అంత పేరున్న మనిషే ఆ పని చేశాడు. కాబట్టి మిత్రులారా, మీరెంత మంచివాళ్లయినా మమ్మల్ని మీ మంచితనం మీద ఆధారపడనివ్వకండి. నాణెం మీ చేతికి ఇచ్చే కౌంటర్ దగ్గరే, మా కళ్లముందే, బొమ్మ, బొరుసు, అంచు ఫోటో తీయండి. బరువు తూచి రసీదు మీద రాయండి. తిరిగిచ్చేటప్పుడు అవే ఫోటోలు పక్కన పెట్టి చూపించండి. నాణెం మారిందేమోనన్న టెన్షన్ లేకుండా మేం ఇంటికి వెళ్లాలి.

అమెరికాలో ఈ సేవ ఎలా ఎదిగిందో చూస్తే మనకు చాలా పాఠాలు దొరుకుతాయి. 1972లో అక్కడి నాణేల సంఘం ఏఎన్ఏ, అసలు నకిలీ తేల్చే విభాగం పెట్టింది. అదే ఏఎన్ఏసీఎస్. 1979 నుంచి గ్రేడు కూడా చెప్పడం మొదలుపెట్టారు, ఫోటో ఉన్న సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు. కాగితం ఒకచోట, నాణెం ఒకచోట ఉంటే ఎవరైనా నాణేన్ని మార్చేయొచ్చు కదా. ఆ తర్వాత రెండు ప్రైవేటు గ్రేడింగ్ కంపెనీలు, 1985లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ వచ్చి నాణేన్నీ చీటీనీ కలిపి డబ్బీలో సీలు చేశాయి. డబ్బీయే పెద్ద మార్పు అని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అసలు మార్పు పూచీ. మేం ఇచ్చిన గ్రేడు తప్పని తేలితే ఆ నష్టం మేం భరిస్తామని రాసిచ్చారు. ఆ మాటవల్లే మనుషులు నాణెం చూడకుండా ఫోన్ మీద కొనగలిగారు.

అంత చేసినా గొడవలు ఆగలేదు. గ్రేడింగ్ నిష్పాక్షికంగా, ఎప్పుడూ ఒకేలా ఉంటుందని ప్రచారంలో ఎక్కువ చేసి చెప్పారంటూ 1990లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్ మీద చర్య మొదలుపెట్టింది, అది రాజీతో ముగిసింది. తర్వాత ఇంకో రోగం ముదిరింది. 64 వచ్చిన నాణేన్ని డబ్బీ పగలగొట్టి మళ్లీ పంపుతారు. మళ్లీ 64 వస్తే మళ్లీ పంపుతారు. ఎప్పుడో ఒకసారి 65 వస్తుంది. పంపిన ప్రతిసారీ కంపెనీకి ఫీజు ముడుతుంది. ఇలా ఏళ్లు గడిచేసరికి పాత 64లే కొత్త 65లయ్యాయి. 2007లో సీఏసీ అనే సంస్థ వచ్చి, అప్పటికే స్లాబ్‌లో ఉన్న నాణేన్ని మళ్లీ చూసి, ఆ గ్రేడుకు గట్టిగా తగినదైతే ఆకుపచ్చ స్టిక్కర్, గ్రేడు తక్కువ వేశారనిపిస్తే బంగారు రంగు స్టిక్కర్ అంటించడం మొదలుపెట్టింది. స్లాబ్‌లు వచ్చి గట్టిగా పాతికేళ్లు కాకముందే గ్రేడర్ల మీద ఇంకో గ్రేడరు అవసరమయ్యాడన్నమాట. 2023లో సీఏసీ తానే సొంతంగా గ్రేడింగ్ మొదలుపెట్టింది. ఎన్‌జీసీని స్థాపించిన, పీసీజీఎస్ స్థాపకుల్లోనూ ఒకరైన జాన్ ఆల్బనీసే దీనికీ మూలపురుషుడు. అక్కడి సేకరణకర్తలు ఆ కొత్త కంపెనీ నుంచి కోరుకున్నదీ మనం కోరుకుంటున్నదే. మొదటి ఏడాది ఎంత కఠినంగా ఉన్నారో పదో ఏడాదీ అంతే కఠినంగా ఉండాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. అమెరికా కంపెనీలు ఉండగా ఇక్కడ ఇంకొకటెందుకని కొందరు అడుగుతున్నారు. దానికి చట్టమే జవాబు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మామూలు మనిషి దేశం దాటించడానికి వీల్లేదు, గ్రేడింగ్ కోసమైనా సరే. ఈ గీత ఏటా ముందుకు జరుగుతూ ఉంటుంది. విక్టోరియా రూపాయి ఎప్పుడో గీత దాటింది, ఐదో జార్జివి ఒక్కొక్క సంవత్సరమే దాటుతున్నాయి. మనం ప్రాణంగా దాచుకునే వరహాలు, ఫణాలు, డబ్బులు అనే పాతకాలపు నాణేలు, శాతవాహనుల సీసపు నాణేలు, ఇవన్నీ ఈ దేశంలోనే గ్రేడు కావాలి. గ్రేడు చేసేవాళ్లకు ఈ నాణేలు తెలిసుండాలి.

ఈ తెలియడం గురించే నాకు ఎక్కువ పట్టింపు. అక్కడి పుస్తకంలో ఉన్న నియమాలను ఇక్కడి నాణేల మీద యథాతథంగా పెడితే అన్యాయం జరుగుతుంది.

షరాబు గుర్తులు తీసుకోండి. మొఘలు రూపాయి చేతులు మారినప్పుడల్లా షరాబు వెండి మంచిదో కాదో చూసి చిన్న ముద్ర కొట్టేవాడు. అమెరికన్ కంటికి అది దెబ్బ. మనకు అది ఆ రూపాయి ఏ బజార్లు తిరిగిందో చెప్పే సాక్ష్యం. అలాగే 1898లో పుదుక్కోట్టైలో 501 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. చాలావాటి మీద చక్రవర్తి తల మీదుగా ఉలిగాటు ఉంది. చలామణిలోంచి తప్పించడానికి అలా కోశారని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ గాటు దక్షిణ భారత చరిత్రలో భాగం. దాన్ని డ్యామేజ్ అని ఒక్కమాటలో తేల్చేస్తే ఎలా? అలాగని గాటు లేనట్టు నంబరు వేయమనడం లేదు. అరుగుదలకు ఒక గ్రేడు వేయండి. పక్కనే షరాబు గుర్తు, ఉలిగాటు అని విడిగా రాయండి. కొనేవాడు తనకు కావలసింది తాను తేల్చుకుంటాడు. పురాతన నాణేలకు ఎన్‌జీసీవాళ్లు అచ్చు ఎంత బాగా పడిందన్నదానికి ఐదు, ఉపరితలానికి ఐదు మార్కులు విడివిడిగా వేస్తారు. ఆ పద్ధతి మనకు బాగా పనికొస్తుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ, మన మద్రాసుదే. ఈస్టిండియా కంపెనీ 1807 ప్రాంతంలో ఇక్కడ హాఫ్ పగోడా అనే పెద్ద వెండి నాణెం వేసింది. ఒకవైపు నక్షత్రాల మధ్య గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. మన అక్షరాలున్న నాణెం కాబట్టి నాకు దానిమీద ప్రత్యేకమైన ప్రేమ. వీటిలో చాలావాటిని స్పానిష్ డాలర్ల మీదే కొత్త అచ్చు కొట్టి తయారుచేశారు. గోపురం కింద పాత డాలరు గీతలు, అక్షరాలు నీడలా కనిపిస్తాయి. తెలియని గ్రేడరు దాన్ని గీతలు పడింది అంటాడు, లేదా అచ్చు సరిగా పడలేదని గ్రేడు తగ్గిస్తాడు. తెలిసినవాడు లేబుల్ మీద, స్పానిష్ డాలరు ఆనవాళ్లు ఉన్నాయి అని రాస్తాడు. దానికి ఎక్కువ డబ్బిచ్చి కొనేవాళ్లున్నారు. నంబరొక్కటే ఇచ్చి కారణం రాయకపోతే ఈ నాణేనికి జరిగే నష్టం ఇంతా అంతా కాదు.

1862 రూపాయి సంగతి మీ అందరికీ తెలుసు. అదే సంవత్సరం అంకెతో 1874 దాకా కొట్టారు. అసలు ఏ ఏడు కొట్టిందో చుక్కలు లెక్కపెట్టి, బొమ్మ రకం చూసి తేల్చాలి. కొన్ని రకాలు కిలోల లెక్కన దొరుకుతాయి, కొన్నిటికోసం ఏళ్లు వెతకాలి. 1862 అని మాత్రం రాసిచ్చే స్లాబ్ మాకు అక్కర్లేదు. ప్రూఫ్ నాణేలదీ, అంటే చలామణికి కాకుండా ప్రత్యేకంగా మెరుగుపెట్టి కొట్టినవాటిదీ అంతే. మన టంకశాలలు పాత అచ్చులతో తర్వాత మళ్లీ కొట్టిచ్చిన రీస్ట్రైక్‌లు చాలా ఉన్నాయి. మొదటివేనా, మళ్లీ కొట్టినవా అన్నది లేబుల్ మీద ఉండాల్సిందే.

క్లీనింగ్ గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మన ఇళ్ల నుంచి వచ్చే నాణేల్లో సగం తగాదా ఇక్కడే. మన ఇళ్లలో వెండి రూపాయి అంటే పూజలో పెట్టేది. పండక్కి చింతపండుతో, విభూతితో తోమి, పసుపు కుంకుమ పెట్టి లక్ష్మీదేవి ముందు ఉంచుతాం. పెళ్లిలో ఇస్తాం. కొక్కెం అతికించి పిల్లల మెడలో వేస్తాం. అంతా ప్రేమతో చేసిందే. కానీ తోమినప్పుడు మెరుపు పొర పోతుంది, సన్నని గీతలు పడతాయి. కొక్కెం తీసేశాక అంచు మీద టంకం మచ్చ మిగులుతుంది. దీనికి గ్రేడు తగ్గాలి, నేను కాదనను. క్లీన్డ్ అని ఒక్క ముద్ర వేసి వదిలేయడమే నాకు అభ్యంతరం. ఎప్పుడో తోమింది ఏళ్ల తరబడి గాలి తగిలి మళ్లీ రంగు తేలిన నాణెం వేరు. అమ్మడానికి నిన్న పాలిష్ పట్టించిన నాణెం వేరు. మొదటిదానికి నంబరు ఇచ్చి, పాత క్లీనింగ్ అని రాయండి. రెండోదానికి నంబరు ఇవ్వకండి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీస్తారో ఫోటోలతో సహా ముందే ప్రచురించండి. మేం వాదించాల్సి వస్తే ఆ ఫోటోల మీద వాదిస్తాం.

నకిలీల విషయం ఇంకా తీవ్రం. ఆరో జార్జి 1939 రూపాయి పేరు చెప్తే ఈ హాల్లో అందరూ తల తిప్పి చూస్తారు. దొరకని నాణెం, దాంతోపాటు బజారు నిండా దొంగవి. వేరే సంవత్సరం అంకె చెక్కి మార్చినవి ఉన్నాయి, కొత్తగా అచ్చు చేయించి కొట్టినవీ ఉన్నాయి. 1940 రూపాయిలో వెండి సగమే, అంతకుముందు నూటికి దాదాపు 92 పాళ్లు. కాబట్టి లోహంలో ఏముందో చెప్పే ఎక్స్ఆర్ఎఫ్ యంత్రం కొన్ని దొంగ నాణేలను వెంటనే పట్టేస్తుంది. కానీ సరైన వెండితోనే చేసిన దొంగ నాణేన్ని ఆ యంత్రం పట్టలేదు, ఎందుకంటే అది పై పొరలో లోహం ఎంతుందో మాత్రమే చెప్తుంది. పోత పోసినదైతే సన్నటి రంధ్రాలు, అంచున అతుకు కనిపిస్తాయి. అచ్చు కొట్టినదైతే అంకె అంకె పోల్చి చూడాలి. యంత్రం బోర్డు మీద పెట్టి ప్రచారం చేసుకునే సర్వీసుకన్నా, పోల్చి చూడడానికి సరైన నాణేల ఫోటోలు వందలకొద్దీ పోగుచేసుకున్న సర్వీసును నేను నమ్ముతాను. ఆ పనికి ఎగ్మూరు మ్యూజియం మనకు నడిచి వెళ్లే దూరంలో ఉంది, దక్షిణ భారత నాణేలకు అంత గొప్ప సేకరణ ఇంకెక్కడుంది?

ఇప్పుడు కష్టమైన మాట. సర్వీసు పెట్టే మీలో ఇద్దరు నాణేలు అమ్ముతారు. నాకు మీమీద గౌరవం ఉంది, మీ దగ్గర కొన్నాను కూడా. కానీ గ్రేడు వేసేవాళ్లు అమ్మకూడదు, కొనకూడదు, కమిషన్ తీసుకోకూడదు. పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారే డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్తే ఆ మార్కులను ఎవరు నమ్ముతారు? ఏదో ఒకటి ఎంచుకోండి. మన లోకం చిన్నది, అందరికీ అందరూ తెలుసు, బావగారి నాణెం, గురువుగారి నాణెం అని తెలిస్తే చేయి మెత్తబడుతుంది. అందుకని గ్రేడరు బల్ల మీదికి నాణెం కోడ్ నంబరుతో మాత్రమే వెళ్లాలి. ఇద్దరు విడివిడిగా చూడాలి. తేడా వస్తే మూడోవారు తేల్చాలి.

ఇక పూచీ. మీ కరపత్రంలో, పూర్తి గ్యారంటీ, అని ఒక లైను చూశాను. ఆ లైను చాలదు. అసలుదని మీరు సీలు చేసిన నాణెం నకిలీ అని తేలితే ఎంత ఇస్తారు? మేం కట్టిన ఫీజా, కొన్న ధరా, ఆ రోజు మార్కెట్ ధరా? నేను గ్రేడు చేయించి అమ్మేశాక, కొన్నాయనకు కూడా ఆ పూచీ వర్తిస్తుందా? వర్తించకపోతే స్లాబ్‌కు విలువ లేదు, ఎందుకంటే స్లాబ్ ఉన్నదే చేతులు మారడం కోసం. తప్పని ఎవరు తేలుస్తారు, మీరేనా, బయటివాళ్లా? డబ్బీలో ఉండగానే రాగి నాణెం రంగు మారితే ఎవరి బాధ్యత? మన చెన్నై ఉప్పుగాలి సంగతి తెలిసిందే, పీవీసీ కవర్లలో పెట్టిన నాణేలు పచ్చగా జిగురెక్కడం అందరం చూశాం. సీసం, రాగి నాణేలకు ఈ పూచీ ఇవ్వలేమంటారా, సరే, ఇవ్వలేమని రాయండి. శాతవాహనుల నాణేలకు ఖచ్చితంగా చెప్పలేం, ఇది మా అభిప్రాయం మాత్రమే అంటారా, అదీ సరే. ఎన్‌జీసీ కూడా పురాతన నాణేలకు మామూలు నాణేలకిచ్చే పూచీ ఇవ్వదు. ఇవ్వలేనిది ఇవ్వలేమని రాసినవాళ్ల మీద మాకు నమ్మకం పెరుగుతుంది.

చిన్న విషయాలు కొన్ని గబగబా. ఎన్ని నాణేలకు ఏ గ్రేడు ఇచ్చారో లెక్క అందరికీ కనిపించేలా పెట్టండి, డబ్బీ పగలగొట్టి మళ్లీ వచ్చినవాటి పాత లెక్క తీసేయండి. భూమిలో దొరికిన నాణేలు తెస్తే జాగ్రత్త. 1878 నిధి చట్టం ప్రకారం దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి, కాబట్టి ఎక్కడిదని అడగండి. లేబుల్ మీద తెలుగు, తమిళం కూడా ఉంటే బాగుంటుంది.

సమయం అయింది కాబట్టి ప్రశ్నలు తీసుకుంటాను.

(ఫోన్‌లో ఫోటో తీస్తే కంప్యూటరే గ్రేడు చెప్పే రోజులొచ్చాయి కదా, మనుషులెందుకని ఒకరు అడిగారు.)

అమెరికాలో పీసీజీఎస్ 1990లోనే కంప్యూటర్‌తో ప్రయత్నించి మానుకుంది. ఇప్పటి కంప్యూటర్లు అంతకన్నా ఎంతో మెరుగు, రెండు ఫోటోలు పోల్చడానికి తప్పకుండా వాడుకోవాలి. కానీ మెరుపు ఫోటోలో నిలవదమ్మా. నాణేన్ని దీపం కింద తిప్పితేనే తెలుస్తుంది. పైగా కంప్యూటర్ చెప్పింది తప్పయితే డబ్బు కట్టేది మళ్లీ మనిషే కదా, అప్పుడు సంతకం పెట్టేవాడు చూసి పెట్టాలి.

(అమ్మమ్మగారి పెట్టెలో ఆరో జార్జి రూపాయలు యాభై దాకా ఉన్నాయి, అన్నీ గ్రేడు చేయించాలా అని ఒక అమ్మాయి అడిగింది.)

వద్దమ్మా. 1940 తర్వాతవి మామూలుగా దొరికేవే, ఒక్కోదానికి ఫీజు కడితే నాణెం ధరకన్నా ఎక్కువవుతుంది. ముందు సంవత్సరాలు రాసుకో, ఎవరైనా తెలిసినవాళ్లకు చూపించు. అంతవరకు తోమకు, పీవీసీ కవర్లలో పెట్టకు.

(కొత్తగా మొదలుపెట్టేవాళ్లం, అంత పూచీకి డబ్బు ఎక్కడి నుంచి తేవాలని ముందు వరుసలోంచి ప్రశ్న వచ్చింది.)

న్యాయమైన ప్రశ్న. మోయలేనిది తలకెత్తుకోవద్దు. మొదట్లో ఒక్కో నాణేనికి ఇంత విలువ దాటితే తీసుకోం అని హద్దు పెట్టుకోండి. 1939 రూపాయిలాంటివి మొదటి ఏడాది అసలు ముట్టుకోకండి, ఎవరెంత బతిమాలినా సరే. ప్రతి ఫీజులోంచి కొంత భాగం విడి ఖాతాలో వేయండి, ఆ ఖాతాలో ఎంతుందో ఏడాదికోసారి చెప్పండి. ఖాతా పెరిగినకొద్దీ హద్దు పెంచండి. ఆ హద్దును మాత్రం దరఖాస్తు ఫారం మొదటి పేజీలోనే అచ్చు వేయండి.